వెచ్చటి గది

మోచేతి పైన చొక్కాకి పసుపురంగు నూగు అంటుకుని ఉండటం ఆమె అప్పుడే చూసింది. కోడిపిల్ల ఒంటి నూగు. దులిపితే పోలేదు. గోళ్ళతో గిల్లి తీస్తే వేలికి అంటుకుంది. వేలిని బెంచీ అంచుకి రాసి, ఎవరైనా చూశారేమోనని తలెత్తింది. ఎవరూ చూడటం లేదు. వార్డులో ఏ మంచం చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మంచం గొడవలో ఉన్నారు, ఒకామె నారింజ తొనలు ఒలుస్తోంది, ఒకాయన గోడకి ఆనుకుని నిలబడే కునుకు తీస్తున్నాడు, అయినా ఆమెకి మాత్రం వార్డంతా తన మోచేతినే చూస్తున్నట్టుంది. ఎదురుగా మంచం మీద అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. ఆవిడ పెదవులు ఎండి అట్టకట్టాయి, కింది పెదవి మధ్యలో చీలింది, చీలికలో రక్తం సన్నటి నల్లగీతలా ఆరిపోయింది. ఆ గీత కంట పడకుండా ఉండాలని ఆమె పైన వేలాడుతున్న సెలైన్ సీసాని చూస్తోంది. అయిపోయే ముందు పిలవమని నర్సు చెప్పి వెళ్ళింది. గంట పడుతుందట. గంటసేపు చూస్తూ కూర్చోవాలి. చూడటం ఆమెకి కొత్త కాదు, ఈ రెండు వారాలుగా పొద్దున లేచింది మొదలు చూస్తూనే ఉంది, పెట్టెలోకి తొంగి చూడటం, థర్మామీటరు చూడటం, ఏది తింటోంది ఏది తినడం లేదని చూడటం, ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని తోక ఎత్తి కింద రెట్ట ఎండి అతుక్కుపోయిందేమో చూడటం. అంత చూసిన మనిషి.

"ఇంట్లో నీళ్ళు సరిగ్గా తాగుతున్నారా?" అని అడిగింది డాక్టరు, చిన్నపిల్ల, ఇంకా చదువు పూర్తయిందో లేదో అన్నట్టుంది. "తాగుతున్నారండీ. మంచం పక్కనే బాటిల్ పెడతాను" అని ఆమె చెప్పింది. అడగడం పూర్తి కాకముందే చెప్పేసింది. అవతలివాళ్ళు చెప్పేది పూర్తిగా వినకుండా జవాబు చెప్పకూడదని తన ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి నేర్పేది ఆమే. వాషింగ్ మిషన్లు పాడైతే జనం ఫోన్ చేసే ఆఫీసు అది, రోజంతా చెవిలో ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు, ఆమె గొంతులో తేనె పోసుకుని మీకు ఏ విధంగా సహాయపడగలను అంటూనే ఉంటుంది. ఆ గొంతుతోనే చెప్పింది డాక్టరుకి కూడా. రెండు మాటలు. రెండో మాటలో అబద్ధం లేదు. బాటిల్ పెడుతుంది, పెట్టని రోజు లేదు. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుని, కాసేపు పెన్ను కొరుక్కుని, "నీళ్ళు బాగానే తాగుతుంటే మరి ఒంట్లో ఇంతగా నీరు ఎందుకు లేదు? కిడ్నీల సంగతి చూడాలి, రిపోర్టు రానివ్వండి" అని పక్క మంచానికి వెళ్ళిపోయింది. కిడ్నీలు అనగానే భర్త మొహం పాలిపోయింది. అతని తండ్రి పోయింది కిడ్నీల జబ్బుతోనే. అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఏం కాదులే, నువ్వు భయపడకు" అన్నాడు. ఆమెకి ధైర్యం చెప్పాడు. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టు భుజం కాలుతోంది.

కోడిపిల్లలు కావాలన్నది కూతురు. బడి బయట ఎవరో బుట్టలో పెట్టి అమ్ముతుంటే చూసి వచ్చి, తిండి మానేసి అలిగి కూర్చుంది. పోనీలే, నాలుగు రోజుల ముచ్చట అని మొగుడూ పెళ్ళాం నవ్వుకున్నారు. నిజంగా నాలుగు రోజులే పట్టింది. కూతురు వాటికి పేర్లు పెట్టింది, ఫోటోలు తీసింది, స్నేహితురాళ్ళని పిలిచి చూపించింది, రెట్ట వాసన ముక్కుకి తగిలాక మళ్ళీ తన రంగుల పెన్సిళ్ళలో పడిపోయింది. ముచ్చట తగులుకున్నది ఆమెకి. అంతకుముందు కుక్కపిల్లనైనా ముట్టుకుని ఎరగదు, కిటికీలో పిట్ట వాలితే చీపురు పట్టుకునే రకం. మొదటి సాయంత్రం అట్టపెట్టెలో ఆరు పిల్లలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా పడి గొంతు చించుకుంటుంటే, ఏం చేయాలో తోచక ఫోన్‌లో వెతికింది. చలేస్తే కుప్ప పడతాయట. వేడెక్కితే నోళ్ళు తెరుచుకుని మూలలకి పారిపోతాయట. సరిగ్గా ఉంటే పెట్టె అంతా తిరుగుతాయట. అంటే నోరులేని వాటికీ చెప్పుకునే పద్ధతి ఒకటుంది, చూసేవాళ్ళు ఉండాలేగానీ, అనుకుంది. బల్బు కట్టి కిందికి దించింది, మళ్ళీ కాస్త పైకెత్తింది, పెట్టె పక్కనే గొంతుక్కూర్చుంది. కుప్ప మెల్లగా విడిపోయి, ఒక్కొక్కటే బయటికి వచ్చి, తలలు తిప్పి ఆమెని చూశాయి. నీళ్ళు తాగడం వాటంతట వాటికి రాదు. ఒక్కోదాన్నీ అరచేతిలో పట్టుకుని ముక్కు కొన నీళ్ళలో ముంచింది. అది తల పైకెత్తి గుటకేసింది. అంత చిన్న గుటక ఆమె ఎప్పుడూ చూడలేదు. గిన్నెలో పడి మునిగిపోతాయని గులకరాళ్ళు ఏరుకొచ్చి, వేడినీళ్ళలో కడిగి మరీ వేసింది.

ఒకరోజు ఒక పిల్ల పక్కకి ఒరిగి, కాళ్ళు చాపేసి, మెడ వాల్చేసి పడుంటే చచ్చిపోయిందనుకుని ఏడ్చేసింది. భర్త వచ్చి వేలితో ముట్టుకోగానే అది దిగ్గున లేచి పరుగెత్తింది. నిద్రపోతోంది అంతే. ఇల్లంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వారు, అత్తగారు కూడా పక్షవాతంతో వంకరపోయిన మూతితోనే నవ్వింది. ఆ తర్వాత కాళ్ళు రెండు పక్కలకీ జారిపోయే పిల్ల ఒకటి తేలింది. పెట్టెలో పరిచిన నున్నటి కాగితం వల్లే అలా అయిందని చదివి, తన తప్పేనని తల బాదుకుని, కాగితం తీసేసి పాత తువ్వాలు పరిచింది. కూతురు దానికి జారుడు అని పేరు పెట్టింది. జారుడు కాళ్ళకి రెండింటికీ కలిపి గాయాలకి వేసే పట్టీని సన్నగా కత్తిరించి కట్టింది, అది పడింది, లేచింది, పడింది, మూడోనాడు నిలబడింది. ఆఫీసులో అందరికీ చెప్పింది. కోళ్ళ డాక్టరు అని పిలవడం మొదలుపెట్టారు. చెవిలో ఎవరు ఎంత అరిచినా ఆ రోజుల్లో ఆమెకి కోపం రాలేదు, అరవనీ, మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి పెట్టె మూత తీస్తే తన చేతిని చూసి ఆరు ప్రాణాలు పరుగెత్తుకొస్తాయి. ఆమె కోసం అలా పరుగెత్తుకొచ్చినవాళ్ళు లేరు. కూతురు కూడా నడక వచ్చాక నాన్న దగ్గరికే పరుగెత్తింది.

పెట్టె ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చినప్పుడు హాల్లో వద్దు, వచ్చేపోయేవాళ్ళకి వాసన. వంటింట్లో వద్దు. బాల్కనీలోకి పక్కింటి పిల్లి వస్తుంది. అత్తగారి గది ఒక్కటే మిగిలింది. చిన్న గది, తలుపు వేసేయొచ్చు, గాలి కొట్టదు. గాలి కొట్టకపోవడం కోడిపిల్లలకి మంచిది. "అమ్మకి కూడా కాలక్షేపం" అని భర్త అన్నాడు, ఆ మాట అతను అన్నందుకు ఆమె అప్పుడు సంతోషించింది, ఇప్పుడు ఆ మాట తను అనలేదని గుర్తు తెచ్చుకుంటోంది, చూడు ఎంత నీచంగా లెక్క చూసుకుంటోందో. గదిలో కరెంటు ప్లగ్గు ఒక్కటే ఉంది, మంచం తలవైపు. అందులో అత్తగారి టేబుల్ ఫ్యాను ఉండేది. బల్బు పెట్టడానికి ఫ్యాను తీసింది. రెండు ప్లగ్గులు పెట్టుకునే బోర్డు ఒకటి కొనుక్కొస్తానని అనుకుంది. రోజూ అనుకుంది. ఎండలు అప్పటికి ముదరలేదు. ముదిరాక కూడా అనుకుంటూనే ఉంది. పిల్లి కిటికీ చువ్వల్లోంచి తల పెట్టి చూసిన రోజు కిటికీ మూసేసింది. ఒకసారి గదిలోకి అడుగుపెట్టగానే ఆవిరి మొహాన కొట్టినట్టయి, పెట్టెలోకి వంగి థర్మామీటరు చూసి, పిల్లలకి ఎక్కువైందేమోనని బల్బు జానెడు పైకెత్తింది. పిల్లలకి. మంచం మీద మనిషి మెడకింద దిండు చెమటతో తడిసి ఉండటం చూసింది కూడా. ఎండాకాలం మరి, ఎవరికి మాత్రం చెమట పట్టడం లేదు అనుకుంది.

అత్తగారు మామూలు మనిషి కాదు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడి నుంచి ఎప్పుడు కదులుతుందో చెప్పే ఉద్యోగం ఆవిడది. ఆవిడ గొంతు వింటే పరుగెత్తే ప్రయాణికుడు ఆగిపోయేవాడు, ఆగిపోయినవాడు పరుగెత్తేవాడు. ఇంట్లో కూడా అదే గొంతు, పెళ్ళయిన కొత్తలో వంటింట్లోంచి ఆవిడ పిలిస్తే ఆమె చేతిలో గిన్నె జారి పడేది. పక్షవాతం వచ్చాక కుడి చెయ్యీ కుడి కాలూ పోయాయి, మాటలన్నీ పోయాయి, ఎందుకో గానీ ఒక్క మాట మిగిలింది, బయల్దేరును. ఆకలేసినా బయల్దేరును, చాలన్నా బయల్దేరును, మనవరాలు ముద్దు పెడితే బయల్దేరును. ఏ బయల్దేరును ఏమిటో మనవరాలికి మాత్రం తెలిసిపోయేది, కళ్ళు చూసి చెప్పేది. ఆమెకి అర్థమయ్యేది కాదు. అర్థం చేసుకోవడానికి కాసేపు నిలబడాలి, నిలబడటానికి ఆమెకి తీరికెక్కడిది.

ఇవాళ మధ్యాహ్నం. ఇక్కడికి వచ్చేసరికి మనసు పక్కకి తప్పుకుంటుంది, సెలైన్ సీసా మీద చీటీలో అక్షరాలు చదువుతుంది, నారింజ ఒలిచే ఆమె చేతికున్న ఎర్రగాజులు చూస్తుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. మధ్యాహ్నం ఆఫీసు నుంచి పరుగున వచ్చింది. ఎండకి పిల్లలు నీరసంగా ఉన్నాయని నీళ్ళలో చిటికెడు ఉప్పూ పంచదారా కలిపి గిన్నె మార్చింది. అలా చేయమని చదివింది. జారుడు రెక్కలు విదిలించి మొదటిసారి గిన్నె అంచు మీదికి ఎగిరింది. ఆమె చప్పట్లు కొట్టింది. మంచం మీంచి అత్తగారు ఎడమ చెయ్యి చాపి కిందికి చూపించింది. "బయల్దేరును" అంది. "చూశాను అత్తయ్యా, ఎగిరింది కదా!" అంది ఆమె. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చెయ్యి చాపింది. "బయల్దేరును, బయల్దేరును" అంది, గొంతు గీసుకుపోతున్నట్టు. ఆమె నవ్వి, "ఆఁ, బయల్దేరుతున్నాను, ఇప్పటికే ఆలస్యమైంది" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. నవ్వింది. వీధి చివరిదాకా నవ్వుకుంటూనే వెళ్ళింది, ఆఫీసులో ఆ జోకు ఇద్దరికి చెప్పింది. ఆ చెయ్యి చూపించింది పెట్టెని కాదు. నీళ్ళ బాటిల్ మంచం కిందికి దొర్లిపోయి ఉంది. ఖాళీ బాటిల్.

సాయంత్రం బడి నుంచి వచ్చి చూసింది కూతురు. ఫోన్‌లో దాని గొంతు చాలా మామూలుగా ఉంది, "అమ్మా, నానమ్మ లేవడం లేదు, ఒళ్ళు కాలిపోతోంది" అని. ఆమె వచ్చేసరికి కూతురు తడిగుడ్డతో నానమ్మ మొహం తుడుస్తోంది, తుడిచిన చోటల్లా వెంటనే ఆరిపోతోంది. అప్పుడు ఆమె మొదట చేసిన పని ఏమిటి? అత్తగారి నాడి చూడలేదు. డాక్టరుకి ఫోన్ చెయ్యలేదు. మంచం కిందికి వంగి బాటిల్ తీసి, వంటింట్లోకి వెళ్ళి, సగం దాకా నీళ్ళు పట్టుకొచ్చి మంచం పక్కన పెట్టింది. బల్బు ప్లగ్గు పీకి ఫ్యాను పెట్టింది. కిటికీ తెరిచింది. ఎవరైనా వచ్చి చూస్తే ఆ గది రోజూ అలాగే ఉంటుందనిపించేలా చేసింది. చేతులు వాటంతటవే చేశాయి, ఎవరో ముందే నేర్పి పెట్టినట్టు. వెనక్కి తిరిగితే కూతురు గుడ్డ చేతిలో పట్టుకుని చూస్తోంది. "అమ్మా, ఇప్పుడెందుకు నింపుతున్నావు బాటిల్?" అంది. అడిగిన తీరులో తప్పు పట్టడం లేదు, తెలియక అడిగింది. "ఊరికే. నువ్వెళ్ళి నాన్నకి ఫోన్ చెయ్యి" అంది ఆమె. కూతురు వెళ్ళబోయి ఆగి ఇంకోసారి బాటిల్ వైపు చూసింది. అప్పుడు అర్థమైంది దానికి. తొమ్మిదేళ్ళ పిల్ల మొహంలో అర్థం కావడం ఎలా కనిపిస్తుందో ఆమె మొదటిసారి చూసింది.

వరండాలోంచి భర్త గొంతు వినిపిస్తోంది. వాళ్ళ అక్కతో మాట్లాడుతున్నాడు. "లేదక్కా, నువ్వు కంగారు పడకు, స్పృహ వచ్చిపోతోంది... లేదు లేదు, ఇంట్లో ఏ లోటూ లేదు. నీ మరదలి సంగతి నీకు తెలీదా? కోడిపిల్లల్నే కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటోంది, అమ్మనింకెలా చూసుకుంటుంది చెప్పు? మధ్యాహ్నం కూడా ఆఫీసు మానుకుని ఇంటికొచ్చి చూసి వెళ్ళింది." ఆమె రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుంది. తిట్టినా బాగుండేది. అతను తిట్టే మనిషి కాదు, మంచివాడు, ఎదుటివాళ్ళు కూడా తనలాంటివాళ్ళే అనుకునేంత మంచివాడు, ఆ మంచితనం ఇప్పుడు ఆమె మొహాన్ని పట్టుకుని వెలుతురులోకి తిప్పుతున్నట్టుంది. సెలైన్ సీసాలో సగం అయింది. సగం. సగం అన్న మాట దగ్గర ఇంక తప్పుకోవడానికి చోటు లేకపోయింది.

ఎందుకంటే ఇవాళ మధ్యాహ్నం జరిగింది పొరపాటు. తొందరలో చూసుకోలేదని చెప్పుకోవచ్చు, ఏడవచ్చు, ఎవరైనా అయ్యో అంటారు కూడా. కానీ బాటిల్ పొద్దునే సగం నింపింది ఎవరు? ఇవాళే కాదు. చాలా రోజులుగా. అత్తగారికి బాత్రూముకి వెళ్ళేలోపే అయిపోతోంది, దుప్పట్లు రోజుకి రెండుసార్లు మార్చాల్సి వస్తోంది, ఉతికినవి ఆరడం లేదు, ఆఫీసు నుంచి వచ్చేసరికి గదిలో ఆ వాసన. ఒకరోజు బాటిల్ కుళాయి కింద పెట్టి, సగం నిండగానే కుళాయి కట్టేసింది. అంతే. ఎందుకు కట్టేస్తున్నానో తనకి తానైనా చెప్పుకోలేదు. ఆ రోజు దుప్పటి తడవలేదు. మర్నాడూ సగం దగ్గరే కట్టేసింది. ఎవరితోనూ అనలేదు, ఇందులో అనడానికేముంది, బాటిల్ అయితే పెట్టింది కదా. కోడిపిల్లల పెట్టె వచ్చాక ఆ గదిలో ఏ వాసన ఎవరిదో తెలియకుండా పోయింది, అది కూడా హాయిగానే అనిపించింది. ఆ చేత్తోనే, ఆ కుళాయి కిందే, కోడిపిల్లల గిన్నె పొంగిపొర్లేలా పట్టేది, ఒలికినా ఫరవాలేదు, గంట నీళ్ళు లేకపోతే ప్రాణం పోతుందట వాటికి. ఈ రెండు పనులూ ఒకే పొద్దున, ఒకే మనిషి, పాట పాడుకుంటూ చేసింది. దయ లేని మనిషైతే అదొక రకం. ఆమెలో దయ ఉంది, కావలసినంత ఉంది, ఆరు ప్రాణాలకి పంచగా మిగిలేంత ఉంది. అది ఎవరి దగ్గర ఆగిపోయిందో చూసుకుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది, లేచి ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపించింది, ఎక్కడికి వెళ్ళినా తను కూడా వెంట వస్తుంది.

ఫోన్ మోగింది. కింది ఇంటావిడ దగ్గర వదిలిపెట్టి వచ్చిన కూతురు. "అమ్మా, నానమ్మ లేచిందా?" "ఇంకా లేదు. నిద్రపోతోంది." "కోడిపిల్లల్ని మన హాల్లోకి తెచ్చేశాను, ఆంటీ పెట్టె పట్టుకున్నారు. నీళ్ళు పెట్టాను. బల్బు కూడా పెట్టాను." "మంచిపని చేశావు." అవతల కోడిపిల్లల అరుపు సన్నగా వినిపిస్తోంది. తర్వాత కూతురు గొంతు తగ్గించి, ఆంటీకి వినపడకుండా కాబోలు, "అమ్మా, బాటిల్ సంగతి నాన్న అడిగితే ఏం చెప్పమంటావు?" అంది.

కూతురు ఎదురుచూస్తోంది. ఏది చెప్పమంటే అది చెప్తుంది. నిండుగానే ఉందని చెప్పు అంటే ఆ పిల్ల అలాగే చెప్తుంది, ముందు కష్టంగా, ఆ తర్వాత సులువుగా, గొంతులో తేనె పోసుకుని. డాక్టరు కిడ్నీలన్నప్పుడు కూడా కదలనిది ఆమెలో అప్పుడు కదిలింది. "ఏం జరిగిందో అదే చెప్పు" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "కాదు, నువ్వు చెప్పక్కర్లేదు. నేనే చెప్తాను నాన్నకి. ఇప్పుడే చెప్తాను." "సరే" అంది కూతురు. ఆ సరేలో ఎంత ఊపిరి వదిలిందో ఫోన్‌లోనే తెలిసింది. ఇంతసేపూ ఆ పిల్ల దాన్ని మోసుకుని కూర్చుంది.

ఆమె లేచి నిలబడింది. అప్పుడే డాక్టరు చేతిలో కాగితంతో వార్డులోకి వచ్చింది, వెనకాలే భర్త, ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. రిపోర్టు బాగా లేదని డాక్టరు చెబుతోంది, పెద్ద ఆసుపత్రికి పంపాల్సి రావచ్చు, అక్కడ కిడ్నీలకి ఇంకా పరీక్షలు చేస్తారు, ఈ వయసులో అవి కొంచెం ఇబ్బందే, మీరు మనసు గట్టి చేసుకోవాలి. అతను తల ఊపుతున్నాడు, కళ్ళు నిండిపోయాయి. ఆమె మధ్యలోనే అంది, "డాక్టరుగారూ, ఇందాక మీకు అబద్ధం చెప్పాను." ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. నారింజ ఒలిచే ఆమె కూడా తిరిగింది. "ఆవిడ నీళ్ళు తాగడం లేదు. తాగడానికి నేనే పెట్టడం లేదు. బాటిల్ సగమే పెడుతున్నాను. పక్క తడుపుతున్నారని. చాలా రోజులుగా. ఇవాళ అది కూడా పొద్దునే అయిపోయింది, నేను మధ్యాహ్నం వెళ్ళినప్పుడు చెయ్యి చూపించారు, నేను అర్థం చేసుకోలేదు. గదిలో ఫ్యాను తీసేశాను. కోడిపిల్లల కోసం బల్బు పెట్టి కిటికీ మూసేశాను." చెప్పడం పూర్తయింది. ఎంత చిన్నది, ఒక ఫిర్యాదు నమోదు చేసినంతసేపు కూడా పట్టలేదు. డాక్టరు మొహంలో అసహ్యం వస్తుందని చూసింది, రాలేదు, విసుగు వచ్చింది. "ఈ మాట రాగానే చెప్పాల్సిందమ్మా" అంది. కాగితం మీద ఏదో కొట్టేసి ఇంకేదో రాసింది. "అయితే ఇది వేడికీ, నీళ్ళు లేకా అయింది. ఇంకో రెండు సీసాలు ఎక్కించి మళ్ళీ రక్తం చూద్దాం. ఇప్పుడే ఎక్కడికీ పంపక్కర్లేదు. మెలకువ వస్తే చెంచాతో నీళ్ళు పట్టండి, తొందర పెట్టకుండా" అని, ఇద్దరిలో ఎవరికి చెప్పాలో తెలియనట్టు నర్సు వైపు చూసి చెప్పి వెళ్ళిపోయింది.

భర్త ఏదో ఒకటి అంటాడని ఆమె నిలబడే ఉంది. అతను మంచం అవతలి పక్కకి నడిచి వెళ్ళి, తల్లి అరికాలు మీద చెయ్యి వేసి, అక్కడే నిలబడ్డాడు. వాళ్ళ అక్క మళ్ళీ ఫోన్ చేసింది, మోగింది, మోగి ఆగిపోయింది. అతను తియ్యలేదు. ఏం చెప్పాలో తెలియక తియ్యలేదని ఆమెకి తెలుసు. ఇందాక అంత ధైర్యంగా చెప్పిన మాటలు ఇప్పుడు అతనే వెనక్కి తీసుకోవాలి. తను చేసిన పని తనతో ఆగదు, అతని నోటినుంచి కూడా రావాలి. చెప్పేస్తే తేలికవుతుందని ఎవరంటారోగానీ, ఆమెకి తేలిక కాలేదు, ఇంతకుముందు ఒక్కతే చూస్తున్న దాన్ని ఇప్పుడు ముగ్గురు నలుగురు చూస్తున్నారు, అంతే తేడా. నర్సు సీసా మార్చింది. కొత్త సీసాలోంచి చుక్కలు వేగంగా పడ్డాయి, తర్వాత నెమ్మదించాయి.

అత్తగారు కళ్ళు తెరిచింది. ముందు పైకప్పుని చూసింది, తర్వాత చేతికున్న సూదిని, తర్వాత ఆమెని. ఆమె గబగబా గ్లాసులో నీళ్ళు పోసి, చెంచాతో తీసుకుని, పడకుండా కింద అరచెయ్యి పట్టి, వంగి పెదవుల దగ్గర పెట్టింది. "నీళ్ళు, అత్తయ్యా" అంది. ఆవిడ ఆమె కళ్ళలోకి చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు, మనిషిని గుర్తుపట్టిన చూపు, అంతకంటే ఏమీ లేదు. అలా చూస్తూ చూస్తూనే పెదవులు బిగించేసింది. నీళ్ళు గడ్డం మీంచి జారి మెడ మడతల్లోకి వెళ్ళాయి. ఆమె రెండోసారి చెంచా పెట్టింది. ఎండిపోయిన ఆ పెదవులు, చీలిక మళ్ళీ విచ్చుకుని కొత్తగా రక్తం చెమర్చేంత గట్టిగా బిగుసుకున్నాయి. "మింగలేకపోతున్నారా?" అని అడిగింది నర్సు. "మింగగలరు" అంది ఆమె. "నా చేత్తో తాగరు."

భర్త ఇవతలికి వచ్చి చెంచా తీసుకున్నాడు. తీసుకునేటప్పుడు అతని వేళ్ళు ఆమె వేళ్ళకి తగలకుండా తీసుకున్నాడు. ఎడమ చెయ్యి తల్లి మెడ కింద పెట్టి తల కొంచెం ఎత్తి, "అమ్మా" అన్నాడు. ఆవిడ నోరు తెరిచింది. మింగింది. మళ్ళీ తెరిచింది. ఒక చేతిలో తల, ఇంకో చేతిలో చెంచా, గ్లాసు పెట్టుకోవడానికి అతనికి చోటు లేదు, మంచం పక్క బల్ల నిండా మందుల డబ్బాలు. ఆమె గ్లాసు పట్టుకుని దగ్గరగా జరిగి నిలబడింది. అతను అటు చూడకుండానే చెంచా ముంచుతున్నాడు, ఆమె అతని చేతికి అందేలా గ్లాసుని వంచి పట్టుకుంటోంది. అత్తగారు తాగుతూనే ఉంది, అంత మనిషి ఎన్ని నీళ్ళు తాగగలదో ఆమెకి ఇన్నేళ్ళలో తెలియలేదు. చెంచా గ్లాసు అడుగున ఠంగుమంది.

"ఇంకొంచెం పొయ్యి" అన్నాడు అతను, తల్లి మొహం మీంచి చూపు తిప్పకుండా.

ఆమె పోసింది.